కందిపప్పు మీద కొసరు

మొన్న ఇద్దరు పిల్లలు మా ఇంటికి వచ్చిండ్రు. నోట్ల మీద సంతకం పెట్టే పెద్ద బ్యాంకు బొంబాయిల ఉన్నది గద, అండ్ల కొత్తగ కొలువు దొరికిందట. ధరలు ఎక్కుతున్నయా దిగుతున్నయా చూసుడు, చూసి వడ్డీ ఎంతుండాల్నో పెద్దోళ్లకు చెప్పుడు, గదీ వాళ్ల పని. "తాతా, నువ్వు బొగ్గుబాయిల కాడ ధరలు రాసినవట గద, జర అనుభవాలు చెప్పు" అన్నరు. చాయ్ తాగిండ్రు, బిస్కిట్లు తిన్నరు, నేను నోరు తెరిచేలోపట బస్సుకు టైమైందని లేచిండ్రు. గందుకే రాసి పెడుతున్న. తీరిక దొరికితే చదువుకుంటరు, దొరకకుంటే బిస్కిట్ల పాపం వాళ్లకే.

నా ప్రమోషన్ల సంగతి ఇక్కడ రాయ. ప్రతిసారి కుర్చీ మారింది, తలకాయ మీద ఫ్యాను మాత్రం అట్లనే కిర్రుమన్నది. ఫైళ్ల సంగతీ రాయ. నాకు పని నేర్పింది ఒక కిరాణం సేటు, నోరు పెద్దదైన ఒక అక్క, ఇస్త్రీ మడత నలగని ఒక పెద్ద సారు. వాళ్ల ముచ్చటే చెప్త.

బ్యాంకుకు ముక్కు ఎక్కడుంటది

బ్యాంకుకు తలకాయ బొంబాయిల ఉంటది. ముక్కు మాత్రం ఊర్లల్ల, బజార్లల్ల ఉంటది. కొన్నేండ్లు ఆ ముక్కు నేనే.

ఆంధ్రప్రదేశ్ అయినంక కొన్నేండ్లకు సర్కారు ధరల లెక్కల ఆఫీసోళ్లు నన్ను శ్రీరాంపూర్ దిక్కు ఒక బొగ్గుబాయి కాలనీకి పంపిండ్రు. నేను కరీంనగర్ దిక్కు నేతగాని కొడుకును. లెక్కలంటే ప్రేమ, పెండ్లి ఇంక కాలే, అందుకే ఎక్కడికి పంపినా పోతడని వాళ్ల ధీమా. పని చెప్పుకుంటే సిగ్గనిపించేటంత చిన్నది. వారానికోసారి బజారుకు పోవాలె. అదే దుకాణం, అదే సరుకు, అదే రకం. ధర అడగాలె, కాగితం మీద ఎక్కియ్యాలె. బియ్యం, జొన్నలు, కందిపప్పు, చింతపండు, మిరపకాయలు, గ్యాసునూనె, బీడీ కట్ట, ధోతి.

ఆ కాగితం హైదరాబాద్ పోతుండె. అక్కడ నా అసొంటోళ్లు పంపినయన్ని కలిపి ఒక్క అంకె చేసెటోళ్లు. ఆ అంకె రెండు దిక్కులకు పోతది. ఒకటి బాయి దిక్కు. అంకె పెరిగితే కార్మికుల కరువు భత్యం పెరుగుతది, లేకుంటే లేదు. ఇంకోటి బొంబాయి దిక్కు. దేశంల ఉన్న అసొంటి అంకెలన్ని ముంగటేసుకొని, వడ్డీ పెంచాల్నా, దించాల్నా, ఊకుండాల్నా అని పెద్ద బ్యాంకోళ్లు ఆలోచన చేస్తరు.

మాకు పై నుంచి ఒక నియమం ఉండె. ధర అడుగుండ్రి, బేరం చెయ్యకుండ్రి, కొనకుండ్రి. కొంటే దుకాణందారుతోని దోస్తాన్ అయితదని వాళ్ల భయం. ఈ నియమం యాదికి పెట్టుకోండ్రి, ముందట దీనితోనే పని పడ్తది.

సారుకు చెప్పిన ధర

కాశయ్య సేటు మంచోడే. కాకపోతే సర్కారోళ్లు ఇండ్లల్ల జొరవడి వడ్లు గుంజుకపోయిన లెవీ గల్లా కాలం చూసిన మనిషి. పెన్సిలు పట్టుకున్నోడు ఎవడు కనిపించినా ఆయనకు చెమటలు పట్టేటివి. మొదటిసారి నేను దుకాణం ముంగట నిలవడి, "కందిపప్పు ఎంత సేటూ?" అని అడిగిన. ఆయన నా పెన్సిలు దిక్కు చూసిండు, గుటక మింగిండు, మస్తు తక్కువ ధర చెప్పిండు.

నా పక్కన సంచి పట్టుకొని ఒకామె ఉన్నది. కొమురక్క. ఆమె పెనిమిటి రాజమల్లు బాయిల బొగ్గు నింపుతడు. కొమురక్క నోరు తెరిస్తే బాయి సైరనే సిగ్గుపడి ఊకుంటదని కాలనీల మాట.

"ఏంది సేటూ?" అన్నది. "నాకు ఇప్పుడే గంత చెప్తివి, సారుకు గింత చెప్పవడ్తివి?"

"అది సారు రాసుకునే ధర అక్కా" అన్నడు సేటు గొంతు తగ్గించి.

"రాసుకునే ధర వేరే, తినే ధర వేరే ఉంటదా? సారు ధరకే జోకు!"

సేటు తక్కెడ తీసి జోకిండు. జోకకుంటే నేనేం రాస్తనో అని ఆయన భయం. ఆ వార్త కాలనీ అంత పాకింది. మరుసటి వారం నేను బజార్ల అడుగు పెట్టంగనే "ధరల సారు వచ్చిండు!" అని కేక. చూస్తే నా ఎన్క సంచులు పట్టుకొని ఆడోళ్ల జులూస్. "సారూ, చింతపండు అడుగు." "సారూ, జర మిరపకాయలు కూడా అడుగు, మా ఇంట్ల ఒడిసినయి." నేను అడుగుడు, సేటు చెప్పుడు, కొమురక్క "జోకు!" అనుడు. బొంబాయి బ్యాంకుకు చేతగానిది నా పెన్సిలుకు చేతనైంది. నేను ధరలు రాస్తలేను, దించుతున్న!

సేటు తెలివిగల్లోడు. కొన్ని వారాలకు నేను దాడి చేసేటోణ్ని కాదని అర్థమైంది. అప్పటి నుంచి అమ్మే ధరే నాకు చెప్పవట్టిండు. గని ఇంకో చిక్కు వచ్చి పడ్డది. నా ముంగట ఒక ధర నోట్లకెల్లి వచ్చిందంటే, ఇగ దాన్ని పెంచనిచ్చేటోళ్లు లేరు. "పోయిన వారం సారుకు గింతే చెప్పినవ్ గద" అని కొమురక్క పట్టుకుంటది. ఏడాది పొడుగూత కందిపప్పు ధర కదలలే. నా అంకె కదలలే. హైదరాబాద్‌ల మా పెద్ద సారు, శేషగిరి గారు, మెచ్చుకుంట రాసిండు: "మీ ప్రాంతములో ధరలు ప్రశంసనీయముగా నిలకడగా ఉన్నవి." నేను మీసం దువ్వుకున్న. అప్పుడు మీసం మంచిగనే ఉండె.

పిల్లలూ, ధర కదలకుంట ఉంటే ముందుగాల సంబరపడకుండ్రి. దాన్ని ఎవరు పట్టుకొని నిలవడ్డరో చూడుండ్రి.

కడుపు నొస్తే కాలికి మందు

ఒకనాడు కొమురక్క అడిగింది. "గీ ధరలన్ని రాసుకొని ఏం చేస్తరు సారూ?"

"బొంబాయిల పెద్ద బ్యాంకోళ్లు చూస్తరు అక్కా. ధరలు మస్తు ఎక్కితే వడ్డీ పెంచుతరు."

"పప్పు పిరమైతే వడ్డీ పెంచుడేంది? కడుపు నొస్తే కాలికి మందు రాస్తరా?"

నవ్వొచ్చింది గని, మంచి సవాలే అడిగింది. నాకు తెలిసినంత చెప్పిన. పెద్ద వ్యాపారులు బ్యాంకుల అప్పు తెచ్చి గోదాములల్ల బస్తాలు నింపుతరు, పిరమైనంక అమ్ముదామని. వడ్డీ పెరిగితే ఆ బస్తాల మీద కూసునుడు వాళ్లకు బరువైతది, బయటికి తీస్తరు. సరుకు బజార్లకు వస్తే ధర దిగుతది. అప్పు పిరమైతే కొనేటోళ్లు కూడా జర చెయ్యి కట్టుకుంటరు. కొనుడు తగ్గితే అమ్మేటోడు దారికొస్తడు.

ఆమె అంత విన్నది. "కొనుడు తగ్గియ్యాలంటే బొంబాయి దాక పోవుడెందుకు? మా ఆయన జీతం చాలదా?" అన్నది.

ఇప్పుడు నా మాట వినుండ్రి. వడ్డీ మోటు మందు. బస్తాలు దాచినోణ్ని, మగ్గం కొనుక్కుందామని అప్పు చేసే నేతగాణ్ని ఒక్కతీర్గనే తాకుతది. పైగా ఇయ్యాల ఇస్తే ఎన్ని నెలలకు పని చేస్తదో ఇచ్చినోనికే తెల్వది. గందుకే ముందు అది జరమా, ఉత్త తుమ్మా అని తేల్చుకోవాలె. వానలు ఎక్కువై కూరగాయలు పిరమైతే అది తుమ్ము. కొత్త పంట రాంగనే మిరపకాయ దానంతట అదే దిగుతది, దానికి వడ్డీ పెంచేటోడు పిచ్చోడు. అన్ని సరుకులు కలిసి నెల మీద నెల ఎక్కుతుంటే అప్పుడు ఫికర్ చెయ్యాలె. ఇగ మా కాశయ్య సేటు ఇచ్చే చేబదులు వడ్డీ మాత్రం ఏనాడూ బొంబాయి మాట వినలే. అది ఆయన ఆ పొద్దు ఏం తిన్నడో దాన్ని బట్టి ఉంటుండె.

ఉత్త గురిగి

ఆ వానకాలం కొమురక్క నా మీద పడ్డది. బజార్ల అందరి ముంగటనే.

"నువ్వు ఏం రాస్తున్నవ్ సారూ? ధరలు పెరగలేదట, గందుకు భత్యం పెరగదట. యూనియనోళ్లు చెప్పవట్టిరి."

"పెరగలే గదక్కా. కందిపప్పు ఏడాది సంది అదే ధర. నీ ముంగట్నే అడుగుతున్న గద."

"ధర పెరగలే. మరి నా గురిగి ఎందుకు నిండుతలే?"

నాకు సమజ్ కాలే. ఆమె ఇగ నన్ను ఇడువలే, వాళ్ల క్వార్టర్‌కు తోల్కపోయింది. గూట్లకెల్లి చిన్న మట్టి గురిగి తీసి నా చేతుల పెట్టింది. అది ఆమె కొసరు గురిగి. బాయి కాలనీల ఎవ్వలూ నెల సరుకు ఒక్కసారి తెచ్చుకోరు, ఏ పూటకాపూట ఇంతంత తెచ్చుకుంటరు. సేటు జోకినంక, తక్కెడ సరిగ్గ నిలిచినంక, పైకెల్లి ఒక పిడికెడు పోయ్యాలె. అదే కొసరు. అడిగి తీసుకునుడు కొనేటోళ్ల హక్కు, పోసుడు అమ్మేటోని మర్యాద. కొమురక్క ఆ పిడికెడు పప్పు వండకుండ గురిగిల వేసెటిది. ఐతారం నాడు గురిగి వంపితే ఇంటిల్లిపాదికి పప్పు. అత్తకు, మొగనికి, ముగ్గురు పిల్లలకు చిక్కటి పప్పు దొరికేది ఆ ఒక్క దినమే.

"ముందు పిడికెడు పోసెటోడు" అన్నది. "అటెన్క మూడు వేళ్లతోని తీసి పోసిండు. ఇప్పుడు ఉత్త చెయ్యి ఊపుతడు సారూ, గాలి పోస్తడు! చింతపండు మీద గట్లనే, ఉప్పు మీద గట్లనే."

గురిగిల అడుగున రెండు పలుకులున్నయి, అంతే.

"ఈ దసరకు భత్యం రాకుంటే లచ్చవ్వను బడి మాన్పిచ్చి బీడీలకు కూసోవెడ్త. ఇంకో తొవ్వ లేదు."

లచ్చవ్వ ఆమె పెద్దబిడ్డ. మూలకు కూసొని పలక మీద ఏందో రాస్తున్నది. తల ఎత్తలే గని, బలపం చప్పుడు ఆగిపోయింది.

ఆ గురిగి చేతుల పట్టుకుంటే మా బాపు యాదికొచ్చిండు. నూలు పిరమైనప్పుడు బాపు తువ్వాల ధర పెంచకపోతుండె. పెంచితే కొనరు. వెడల్పు ఒక వేలెడు తగ్గిచ్చెటోడు. "ధర చెవులకు ఇనవడ్తది బిడ్డా, వెడల్పు ఇనవడదు. వీపు కొలుసుకొని తువ్వాల కొనేటోణ్ని నేను ఇంత వరకు చూడలే" అని నవ్వెటోడు. అసొంటి బాపుకు పుట్టి, ఏడాది పొడుగూత నేను సేటు నోటి దిక్కే చూసిన, చెయ్యి దిక్కు చూడలే. చూస్తే ఎట్ల కనపడ్తది? నన్ను కొనొద్దన్నరు. కొననోనికి కొసరు ఎవడు పోస్తడు?

పోస్టాఫీసు తక్కెడ

ఇగ నియమం పక్కన పెట్టిన. అందరి లెక్కనే నేనూ కొనుడు మొదలుపెట్టిన. కొన్న పొట్లం తీస్కపోయి పోస్టాఫీసుల పార్సిళ్ల తక్కెడ మీద పెట్టేటోణ్ని. పోస్టుమాస్టరు ముసలాయన, పరేషాన్ అయ్యేటోడు. "కందిపప్పుకు టికెట్ ఎంత అంటియ్యాలె నాయినా? రిజిస్టరా, మామూలా?" అని అడిగెటోడు.

ఇప్పటి తూకం దొరికింది. మునుపటిది ఎట్ల? దానికి కొమురక్క ఉన్నది. "సేటూ, మునుపు నువ్వు ఎంత పోసెటోనివో సారుకు ఒక్కసారి చూపియ్యి, జర ముచ్చటగ" అన్నది. సేటు మొహమాటపడి ఒక నిండు పిడికెడు తీసి నా పొట్లంల పోసిండు. తూకం అయినంక ఆ పప్పు ఏమైందని ఆయన అడిగితే, కొమురక్క ఎప్పుడో కొంగుల కట్టుకొని పోయింది.

అంత విడమరిచి హైదరాబాద్ రాసిన. ధర కదలలే గని, అదే ధరకు ఇంటికొచ్చే పప్పు తగ్గింది, అంటే పప్పు పిరమైనట్టే అని. శేషగిరి సారు జవాబు రాసిండు: "కొసరు అనునది వర్తకుని దాతృత్వము. దాతృత్వమునకు మన నమూనాలో కాలమ్ లేదు. ఇకముందు మీరు ఏమియు కొనరాదు."

దాతృత్వమట! కాశయ్య సేటు ఈగకు బెల్లం పెట్టని మనిషి. మళ్ల రాసిన, జవాబు రాలే. మూడోసారి రాసినప్పుడు ఆఖరుకు ఒక వాక్యం కలిపిన. ఇక్కడ బోథ్ దిక్కు కందిపప్పు దొరుకుతది, మస్తు రుచి, మీ ఇంట్ల అమ్మగారికి జర చెప్పుండ్రి అని. నెల తిరగకుండ సారు తనిఖీకి బయలెల్లిండు.

పెద్ద సారు సంచి

మంచిర్యాల స్టేషన్ల దిగినప్పుడే చూసిన. సారు చంకల ఫైలు ఉన్నది, ఫైలు కింద మడత పెట్టిన ఖద్దరు సంచి ఉన్నది. ఆ సంచి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. శేషగిరి సారు నికార్సైన మనిషి, ఎవ్వరి చాయ్ కూడ తాగడు. కోస్తా దిక్కు మనిషి, మాటలు మెత్తగ, లెక్కలు గట్టిగ.

దుకాణం కాడికి పోయినం. కొమురక్క అప్పటికే అక్కడున్నది. నోరు తెరవొద్దని నేను పొద్దుగాలనే దండం పెట్టి చెప్పిన. ఆమె పెదవులు బిగబట్టి, చీర కొంగు నోట్ల కుక్కుకొని నిలవడ్డది.

సారు కందిపప్పు ధర అడిగిండు. సేటు చెప్పిండు. పోయిన నెల ధరే. సారు నా దిక్కు తిరిగి, "చూశావా? నిలకడ!" అన్నడు. అటెన్క జర దగ్గి, సంచి తీసి సేటు ముంగట పెట్టిండు. "మా ఇంటికి రెండు కిలోలు ఇయ్యవయ్యా."

సేటు జోకిండు. ముల్లు సరిగ్గ నడుమ నిలిచింది. పప్పు సంచిల పోసిండు, పైసలు తీసుకున్నడు, తక్కెడ పక్కకు పెట్టిండు. సారు సంచి మూతి మూయలే. రెండు చేతులతోని తెరిచి పట్టుకొని అట్లనే నిలవడ్డడు.

"ఊఁ?" అన్నడు సారు.

"ఏంది సార్?" అన్నడు సేటు.

"కొసరు వెయ్యవేమయ్యా?"

"కొసరు బంద్ సార్. ఏడాది సంది తగ్గిచ్చుకుంట వచ్చి బంద్ చేసిన. బోథ్ కెల్లి సరుకే నాకు పిరమొస్తున్నది."

"బంద్ ఏమిటి!" సారు గొంతు లేచింది. "పప్పు కొంటే కొసరు వెయ్యకుండా పంపిస్తారా ఎక్కడైనా? అదే ధర పుచ్చుకుని కొసరు ఎగ్గొడితే, ధర పెంచినట్టే కదటయ్యా!"

కొమురక్క నోట్లకెల్లి కొంగు జారింది.

"ఇన్నరా అందరు! పెద్ద సారే అన్నడు! పెంచినట్టేనట!"

ఇగ చూస్కోండ్రి నవ్వులు. బెల్లం కొనేటోళ్లు, ఉప్పు కొనేటోళ్లు, పక్క దుకాణం ముంగట ఉన్నోళ్లు, ఆఖరుకు కాశయ్య సేటు కూడ నవ్విండు. సారు మొఖం ఎర్రగయింది. నేను పెన్సిలు తీసి, కాగితం సాపు చేసుకొని, శానా వినయంగ అడిగిన.

"సార్, మీరు ఇప్పుడన్న మాట ఏ కాలమ్‌ల రాయమంటరు?"

ఆయన నన్ను చూసిన చూపుకు, ఇగ నన్ను ఏ అడివికి బదిలీ చేస్తడో అనుకున్న. సారు సంచిలకు చూసిండు. చూసి చూసి, సేటును అడిగిండు. "ఇదివరకు ఎంత వేసేవాడివి?"

సేటు పిడికిలి చూపిచ్చిండు.

"ఆ పోస్టాఫీసు తూకాలు నీ దగ్గరే ఉన్నాయా?" అన్నడు నాతోని.

"ఉన్నయి సార్."

"అవి తీసుకురా. కానీ కొసరు అని రాయకు, పైవాళ్లు నవ్వుతారు. చేతికందిన నికర తూకం అని రాయి. అలా రాస్తే ఎవడూ నవ్వడు."

సర్కారు కొలువుల నేను నేర్చుకున్న అన్నిట్ల పెద్ద పాఠం అదే. నిజం చెప్పుడు ఒక్కటే చాలదు, దానికి ఇస్త్రీ అంగీ తొడగాలె. శేషగిరి సారును నేను లోపల్లోపల మస్తు తిట్టుకున్న గని, తన మాట తప్పని పదిమంది ముంగట తేలినంక దాన్ని ఒప్పుకున్నోణ్ని, మళ్ల నా మొత్తం కొలువుల ఆయనొక్కణ్నే చూసిన.

గిది మాత్రం రాయకు

అంకె మారేటందుకు టైం పట్టింది. హైదరాబాద్ పోవాలె, అక్కడ అందరు కలిసి తల గోక్కోవాలె, మళ్ల తిరిగి రావాలె. దసర వచ్చింది, పోయింది. భత్యం రాలే. లచ్చవ్వ ఒళ్లె చాట పెట్టుకొని బీడీలకు తునికాకు కత్తిరిస్తుండంగ నేను చూసిన. ఆ తొవ్వ ఇడిచిపెట్టి చుట్టు తిరిగి పోయేటోణ్ని. నా కాగితం ఆలస్యమైతే ఆ పిల్ల వేళ్లకు ఎంత తంబాకు అంటుతదో అని ఏడుపొచ్చేది. మీరు బొంబాయిల అంకె ఆలస్యమైందంటే ఒక మీటింగు వాయిదా పడ్తదనుకుంటరు. ఇక్కడ ఒక పిల్ల బడి వాయిదా పడ్తది.

చలికాలంల భత్యం పెరిగింది. కాశయ్య సేటు కూడా ధైర్యం చేసి బాజాప్తా ధర పెంచిండు. "రాసుకోండ్రి సార్, ఇగ దాపరికం లేదు" అన్నడు. పెంచినంక కొసరు మళ్ల మొదలువెట్టిండు, మునుపటి పిడికెడు కాదు గని, గాలి మాత్రం కాదు. భత్యం చేతికొచ్చినంక వచ్చిన సోమారం నాడు లచ్చవ్వ మళ్ల బడికి పోయింది. మా కందిపప్పుతోని బొంబాయిల వడ్డీ కదిలిందా అంటే, కదలలే. దేశమంత కలిసిన అంకెల మా బజారు ఎంత? గని ఎన్ని బజార్లల్ల ధర నిలవడి పిడికిలి చిన్నగయిందో ఎవ్వలు చూసిండ్రు? అన్నిట్ల అట్లనే అయితే, బొంబాయిల ఉన్న తలకాయ ధరలు నిలకడగున్నయనుకొని నిమ్మలంగ నిద్రపోతుంటది.

ఆ ఐతారం కొమురక్క నన్ను అన్నానికి పిలిచింది. రాజమల్లు పక్కన పీట వేసింది. లచ్చవ్వ గూట్ల గురిగి తీసి వాళ్లవ్వకు అందించింది. అన్నం పెట్టింది, పప్పు పోసింది. నేను చాలక్కా అన్న. వినకుండ ఇంకో గంటెడు నిండుగ తీసి నా అన్నం మీద వంపింది.

"గిది కొసరు సారూ" అన్నది. "గిది మాత్రం రాయకు."

ఇయ్యాల్టి దాక రాయలే.